1996 మారుతి 800: ఇంటి దగ్గరే ఇంజిన్ బేను శుభ్రం చేసి, తుప్పు తీసి, పూర్వరూపానికి తేవడం ఎలా?

భీమిలి_తీరం

సభ్యులందరికీ నమస్కారం. భీమునిపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఇంటి షెడ్డులో 1996 నాటి కార్బురేటర్ మారుతి 800 ఉంది. టింకరింగ్, పెయింటింగ్ పనులు పూర్తయ్యాయి, ఇంజిన్ కూడా ఇబ్బంది లేకుండా నడుస్తోంది. బానెట్ ఎత్తితే మాత్రం మనసు చివుక్కుమంటోంది. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) చుట్టూ నూనె, దుమ్ము కలిసి గట్టిపడిన జిడ్డు ఉంది, బ్యాటరీ ట్రే కింద తుప్పు పొరలుగా లేస్తోంది, అల్యూమినియం భాగాల మీద తెల్లని పొడి పేరుకుంది, వైర్ల మీద చుట్టిన టేపు కరిగి చేతికి అంటుకుంటోంది. ఇక్కడి సర్వీసింగ్ షెడ్డులో అడిగితే డీజిల్ కొట్టి, ప్రెషర్ నీళ్లతో కడిగి, పైన మెరుపు ద్రావణం పూస్తామన్నారు. నేను దానికి ఒప్పుకోలేదు. ఈ పనిని నా చేతులతో, తొందర లేకుండా, పద్ధతి ప్రకారం చేసుకోవాలని ఉంది. శుభ్రం చేసిన తరువాత ట్యాపెట్ కవర్‌కు, బ్రాకెట్లకు నల్ల రంగు వేయాలని కూడా అనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు చెప్పగలరు.

ఆటోనగర్_మేస్త్రి

భీమిలి గారూ, డీజిల్ వద్దన్నందుకు ముందుగా అభినందనలు. అయితే మీరు కూడా కడగడంతో మొదలుపెట్టకండి. జిడ్డు ఉన్నప్పుడే ఇంజిన్ తన రోగం ఎక్కడుందో చూపిస్తుంది. దాన్ని చూడకుండా కడిగేస్తే ఆనవాళ్లు పోతాయి, కొన్నాళ్లకు అదే చోట మళ్లీ నూనె చేరుతుంది, మీ శ్రమంతా వృథా అవుతుంది. విజయవాడలో మా దగ్గరకు వచ్చే పాత 800లలో ఎక్కువ భాగం ఇలా పైపై మెరుగులు దిద్దించుకుని వచ్చినవే.

మంచి వెలుతురులో అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ప్రతి హోస్ పైపు, ప్రతి వాక్యూమ్ గొట్టం, ప్రతి వైరు ఎటు నుంచి ఎటు వెళుతున్నదో ఆ ఫోటోల్లో కనిపించాలి. కార్బురేటర్ బండిలో సన్న గొట్టాలు చాలా ఉంటాయి, ఒక్కటి తారుమారైనా ఐడిలింగ్ (బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజిన్ నడక) చెడిపోతుంది. ఆ తరువాత నూనె తడిని చేత్తో తడిమి చూడండి. నూనె కిందికి జారుతుంది, బండి నడిచేటప్పుడు గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. కాబట్టి తడి ఉన్న భాగంలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్న చోటే లీకు పుట్టిన చోటని ఎక్కువసార్లు తేలుతుంది. మీ ఇంజిన్‌లో ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) దగ్గరి ఓ-రింగ్ అనే రబ్బరు వలయం, మెకానికల్ పెట్రోల్ పంపు బిగించిన చోటు, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ముందు వైపు సీళ్లు, ఇవన్నీ చూడవలసినవి.

ఇంకొక సంగతి చాలామంది మరచిపోతారు. ట్యాపెట్ కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు వెళ్లే బ్రీదర్ గొట్టం మసితో పూడుకుపోతే క్రాంక్‌కేసులో (ఇంజిన్ అడుగు భాగంలో) పీడనం పెరిగి, కొత్తగా వేసిన ప్యాకింగ్ కూడా నూనె కక్కుతుంది. ఆ గొట్టం విప్పి, లోపల శుభ్రం చేసిన తరువాతే ప్యాకింగ్ మార్చే సంగతి ఆలోచించండి.

గుంటూరు_రసాయనం

డీజిల్ ఎందుకు వద్దో కారణం కూడా చెబితే మంచిది, ఎందుకంటే మన దగ్గర ఈ అలవాటు ఇంకా బలంగా ఉంది. రేడియేటర్ హోసులు సాధారణంగా ఈపీడీఎం అనే రబ్బరుతో తయారవుతాయి. ఆ రబ్బరు వేడి నీటిని, కూలెంట్‌ను, ఎండను బాగా తట్టుకుంటుంది కానీ పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి, మెత్తబడి, బలం కోల్పోతుంది. పెట్రోల్ గొట్టాలకు వాడే నైట్రైల్ రబ్బరు స్వభావం దీనికి భిన్నం, అది నూనెలను తట్టుకుంటుంది. డీజిల్ కొట్టిన రోజు హోసులన్నీ నల్లగా నిగనిగలాడతాయి, నష్టం కనబడదు. మౌంటింగ్ రబ్బర్లకు కూడా డీజిల్ మంచిది కాదు. పైగా మూలల్లో మిగిలిపోయిన డీజిల్ మీద దుమ్ము ఇంకా త్వరగా పేరుకుంటుంది.

కాస్టిక్ సోడా కలిసిన ఘాటైన డిగ్రీజర్లు (జిడ్డు తీసే ద్రావణాలు) కూడా వద్దు. గాఢమైన క్షారం అల్యూమినియంను తినేస్తుంది, లోహం రంగు మాడి బూడిద రంగుకు తిరుగుతుంది, ఆ మచ్చ మళ్లీ పోదు. అల్యూమినియంకు హాని చేయదని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న, నీటిలో కలిసే డిగ్రీజర్ తీసుకుని, ముందు కనబడని మూల ఒకచోట పరీక్షించండి. బాత్‌రూములు కడిగే యాసిడ్‌ను తుప్పు తీయడానికి దయచేసి బానెట్ కిందికి తేవద్దు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాని ఆవిరి తగిలిన ఇనుప భాగాలన్నీ కొద్ది రోజుల్లోనే ఎర్రబడతాయి. పెట్రోల్‌తో తుడవడం గురించి వేరే చెప్పనక్కరలేదు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువైనది, నేల మీద పాకుతూ వెళుతుంది, షెడ్డులో ఇన్వర్టర్ స్విచ్ రవ్వ ఒక్కటి చాలు.

నెల్లూరు_పాతబండ్లు

నా అభిప్రాయం కొంచెం వేరు. ఇంత పాత కారుకు నీళ్లే తగలనివ్వకూడదు. డెల్కో మూతలోకి, కాయిల్‌లోకి, డైనమోలోకి తడి వెళితే బండి స్టార్ట్ కాదు. బ్రష్షు, బనియన్ వేస్టు, డిగ్రీజర్ తడిపిన గుడ్డ, ఇవి ఉంటే చాలు. ఆలస్యమైనా భయం ఉండదు. నేను నా పాత ఫియట్‌కు ఎప్పుడూ ఇదే చేస్తాను.

ఇంకొకటి: ఆగి ఉండే కారు కాబట్టి ఎలుకల సంగతి తప్పక చూడండి. బ్యాటరీ వెనుక, ఎయిర్ ఫిల్టర్ డబ్బా లోపల, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) మీది దూది కింద గూళ్లు కడతాయి. గూడు ఎక్కువగా పీచు, కాగితమే కనుక సైలెన్సర్ మ్యానిఫోల్డ్ దగ్గర ఉంటే నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది.

కూకట్‌పల్లి_మెరుగు

నెల్లూరు గారి జాగ్రత్తను గౌరవిస్తాను. పూర్తిగా విప్పి చేసే భాగాలకు గుడ్డ, బ్రష్షు పద్ధతే మేలు. కానీ సముద్రతీరపు కారు విషయంలో నీళ్లు అవసరమని నా గట్టి నమ్మకం. జిడ్డు గుడ్డకు వస్తుంది గానీ, అతుకుల్లో, ముడతల్లో చేరిన ఉప్పు గుడ్డకు రాదు. దాన్ని కరిగించి బయటికి తీసుకురావలసింది మంచినీరే. ఉప్పు లోపల ఉండగానే పైన రంగు వేస్తే ఆ రంగు కొన్ని నెలల్లో బుడగలు కడుతుంది. అందుకే నీళ్లు వాడాలి, కానీ ప్రెషర్ వద్దు.

ఇంజిన్ గోరువెచ్చగా ఉండాలి. చెయ్యి పెట్టి ఉంచగలిగేంత వేడి చాలు. మండుతున్న పోత ఇనుప మ్యానిఫోల్డ్ మీద చల్లని నీరు పడితే పగుళ్లు రావచ్చు, డిగ్రీజర్ కూడా పని చేయకముందే ఎండి మరకలు కడుతుంది. కారు నీడలో ఉండాలి. బ్యాటరీ నెగటివ్ తీగ ముందు విప్పండి. పాజిటివ్‌ను ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలిన క్షణంలో షార్ట్ అవుతుంది. బ్యాటరీని పూర్తిగా బయటికి తీసి పక్కన పెట్టండి, ఎలాగూ ట్రే పని ఉంది. డెల్కో, కాయిల్, డైనమో, ఫ్యూజు డబ్బా, కార్బురేటర్ నోరు, ఇవన్నీ ప్లాస్టిక్ కవర్లతో కప్పి టేపు చుట్టండి. బానెట్ లోపలి వైపున ఉన్న కంపెనీ స్టిక్కర్ల మీద కూడా పాలిథిన్ అతికించండి, అవి ఒకసారి చెదిరితే మళ్లీ దొరకవు.

గట్టిపడిన జిడ్డును ముందు ప్లాస్టిక్ గరిటెతో గీకి తీసేయాలి. అది వదిలేసి ద్రావణాలు కుమ్మరించడం వల్ల ఉపయోగం లేదు. తరువాత డిగ్రీజర్‌ను డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలిపి, కింది నుంచి పైకి కొట్టండి. పైనుంచి కొడితే కారిన చారలు కింద పొడి భాగం మీద అచ్చుపడతాయి. మూడు నాలుగు నిమిషాలు నాననిచ్చి, ఎండకముందే రకరకాల బ్రష్షులతో రుద్దాలి: పెయింటు బ్రష్షు వెడల్పు భాగాలకు, పాత పళ్ల బ్రష్షు బోల్టుల చుట్టూ, సీసాలు కడిగే పొడవాటి బ్రష్షు ఇన్‌టేక్ కిందికి. మొక్కలకు పట్టే పైపుకు జల్లు తల బిగించి, మెల్లగా, పైనుంచి కిందికి కడగండి. ఒక్కసారికి వదలకపోతే మళ్లీ చేయండి గానీ ద్రావణం ఘాటు పెంచవద్దు. రేడియేటర్ రెక్కలను ఇంజిన్ వైపు నుంచి బయటికి కడిగితే ఇరుక్కున్న పురుగులు వచ్చిన దారినే పోతాయి, ఎదురుగా గట్టిగా కొడితే ఆ పలుచని రెక్కలు వంగిపోతాయి.

బోరు నీళ్లయితే చివరి జల్లు మాత్రం వర్షపు నీటితోనో, ఏసీ నుంచి కారే నీటితోనో ఇవ్వండి. వాటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి అల్యూమినియం మీద తెల్ల చుక్కలు మిగలవు. వెంటనే బ్లోయర్‌తో కనెక్టర్లు, ప్లగ్గుల గుంటలు, బోల్టు తలల గుంటలు ఆరబెట్టండి.

కింద కారే నల్లనీరు కాలువలోకి పోనివ్వకండి. బండి కింద తార్పాలిన్ పరిచి, దాని మీద రంపపు పొట్టు చల్లితే నూనెలో ఎక్కువ భాగం అందులోకి పీల్చుకుంటుంది.

భీమిలి_తీరం

అందరికీ కృతజ్ఞతలు. మేస్త్రి గారు చెప్పినట్లు ముందు ఫోటోలు తీసి, తడిని వెతికాను. ట్యాపెట్ కవర్ అనుకున్నాను గానీ, పై అంచు అంతా పొడిగానే ఉంది. డెల్కో బిగించిన చోటు నుంచి కిందికి మాత్రం తడి ఉంది. ఇది తేల్చుకోవడానికి ఏదైనా మార్గం ఉందా? బ్రీదర్ గొట్టం సగానికి పైగా పూడుకుపోయి ఉంది, శుభ్రం చేశాను.

ఆటోనగర్_మేస్త్రి

ఉంది. ఆ భాగాన్ని మాత్రం డిగ్రీజర్ తడిపిన గుడ్డతో పూర్తిగా తుడిచి ఆరనిచ్చి, మొహానికి రాసుకునే పౌడరు పలుచగా చల్లండి. ఇంజిన్ వేడెక్కే వరకు నడిపి ఆపి చూడండి. నూనె ఎక్కడ మొదలవుతుందో అక్కడ పౌడరు ముదురు రంగుకు మారి, సన్నని గీతగా కిందికి దిగుతుంది. ఓ-రింగ్ అని తేలితే, డెల్కో విప్పే ముందు దాని బాడీకి, ఇంజిన్‌కు కలిపి గీత గీయండి, లోపల తిరిగే రోటర్ ఎటు చూస్తున్నదో కూడా గుర్తుపెట్టండి. లేకపోతే టైమింగ్ (ప్లగ్గులు రవ్వ వేసే సమయం) మళ్లీ మొదటి నుంచి కుదుర్చుకోవాలి.

భీమిలి_తీరం

పౌడరు గీత డెల్కో అడుగు నుంచే మొదలైంది. ఓ-రింగ్ విప్పి చూస్తే రబ్బరు గట్టిపడి, ప్లాస్టిక్‌లా పెళుసుగా ఉంది. కొత్తది వేశాక ఆ చోటు పొడిగా ఉంది. తరువాత కూకట్‌పల్లి గారి పద్ధతిలో కడిగాను, బండి మొదటి ప్రయత్నంలోనే స్టార్టయింది. ఇప్పుడు తుప్పు దగ్గరకు వచ్చాను. బ్యాటరీ ట్రే కింద రేకు ఇంకా గట్టిగానే ఉంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగలేదు.

గుంటూరు_రసాయనం

రేకు గట్టిగా ఉండటం మంచి శకునం. దిగి ఉంటే రంగులతో కప్పకుండా వెల్డింగ్‌కు వెళ్లవలసి వచ్చేది.

అక్కడ బ్యాటరీ ఆమ్లం ఒలికి ఉంటుంది కాబట్టి, ముందుగా వంటసోడా కలిపిన నీరు పోయండి. నురగ రావడం ఆగే వరకు పోసి, మంచినీటితో బాగా కడిగి ఆరబెట్టండి. ఆమ్లం మిగిలి ఉండగా చేసిన ఏ పనీ నిలవదు. తరువాత తీగ బ్రష్షుతో పొరలు రాల్చి, 80 నంబరు గరుకు కాగితంతో మెరిసే లోహం కనిపించే వరకు రుద్దండి. గుంటల్లో నల్లగా మిగిలిపోయే తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ పూయవచ్చు, అది తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. మిగులు ఆమ్లాన్ని డబ్బా మీద చెప్పిన విధంగా తొలగించి, పూర్తిగా ఆరిన తరువాత రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్‌ను బ్రష్షుతో వేయండి. మిగులు ఆమ్లం మీద ఎపాక్సీ పట్టదు. చేతికి తొడుగులు తప్పనిసరి, ఎపాక్సీ గట్టిపరిచే ద్రవం చర్మానికి అలర్జీ తెచ్చిపెడుతుంది.

పై కోటు విషయంలో ఒక హెచ్చరిక: కార్ల పెయింటింగ్ షెడ్లలో వాడే 2కే (రెండు భాగాలు కలిపి వేసే) రంగుల గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటిని స్ప్రే చేసినప్పుడు మామూలు గుడ్డ మాస్కు ఏమాత్రం కాపాడదు, ఒకసారి ఊపిరితిత్తులకు అలర్జీ పట్టుకుంటే జీవితాంతం ఉబ్బసంలా బాధిస్తుంది. ఇంటి దగ్గర ఆ పని వద్దు. ఆ ఒక్క కోటు షెడ్డులో వేయించుకోండి.

అల్యూమినియం మీది తెల్ల పొడికి నైలాన్ బ్రష్షు, సబ్బు నీరు, ఆ పైన సన్నని రాపిడి ప్యాడ్ సరిపోతాయి. స్టీల్ ఉన్ని వద్దు, దాని నుంచి రాలిన ఇనుప ముక్కలు అల్యూమినియంలో గుచ్చుకుని తుప్పు చుక్కలుగా మారతాయి.

మిషిగన్_తెలుగు

ఇక్కడ శీతాకాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, కాబట్టి మీ భీమిలి సమస్యే నాకు వేరే రూపంలో ఉంది. నా అనుభవంలో, రంగు వేసిన చోట కంటే రెండు రేకులు కలిసే అతుకుల్లోనే తుప్పు మొదలవుతుంది. రంగు ఆరిన తరువాత అతుకుల్లోకి, డొల్ల భాగాల్లోకి క్యావిటీ వ్యాక్స్ (తుప్పును ఆపే మైనం) కొట్టండి. అది సన్నగా పాకి, లోపల మెత్తని పొరగా నిలుస్తుంది. రబ్బరు మౌంటింగుల మీద మాత్రం పడనివ్వవద్దు.

భీమిలి_తీరం

చాలా విలువైన సలహా. ఇక బోల్టులు, వైర్ల టేపు, నల్ల రంగు, ఎలుకలు మిగిలాయి. బోల్టులన్నీ ఎర్రగా ఉన్నాయి. వాటికి పసుపు రంగు జింకు ప్లేటింగ్ చేయించాలని ఉంది.

ఆటోనగర్_మేస్త్రి

బ్రాకెట్లు, క్లిప్పులు, 8.8 గుర్తు (బోల్టు బలాన్ని తెలిపే అంకె) ఉన్న మామూలు బోల్టులు నిస్సంకోచంగా ప్లేటింగ్‌కు ఇవ్వండి. తల మీద 10.9 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉన్నవి ఇవ్వవద్దు. ప్లేటింగ్‌కు ముందు యాసిడ్‌లో ముంచినప్పుడు హైడ్రోజన్ ఉక్కులోకి చేరి, గట్టి బోల్టును పెళుసుగా చేస్తుంది. అది బిగించినప్పుడు బాగానే ఉండి, తరువాత ఒకనాడు తెగుతుంది. హెడ్ బోల్టులకు, సస్పెన్షన్ బోల్టులకు, బ్రేకు బోల్టులకు మెరుపు అవసరం లేదు. ఇచ్చే ముందు ప్రతి బోల్టు ఎక్కడిదో రాసి ఫోటో తీయండి, ప్లేటింగ్ షాపు నుంచి అన్నీ ఒకే సంచిలో వస్తాయి.

అల్యూమినియంలో ఇరుక్కున్న ఇనుప బోల్టును ఒకేసారి బలంగా విప్పకండి. చొచ్చుకుపోయే నూనె వేసి రాత్రంతా వదిలి, ముందు కొద్దిగా బిగించే వైపు, తరువాత విప్పే వైపు, అలా మార్చి మార్చి కదిలించండి.

నల్ల రంగు విషయంలో నా మాట కొంచెం కఠినంగా ఉంటే మన్నించండి. ఆ కారులో కంపెనీ ఏ భాగాన్ని ఏ రంగులో ఇచ్చిందో అలాగే ఉంచండి. అల్యూమినియం అల్యూమినియంలాగే కనబడాలి. అన్నిటినీ నల్లగా చేస్తే రేపు కొత్త లీకు పుట్టినా కనబడదు, ఆ పని మీద మనకున్న చూపే పోతుంది. ట్యాపెట్ కవర్‌కు రంగు పూర్తిగా పోయి ఉంటే, వేడిని తట్టుకునే ఇంజిన్ ఎనామెల్‌ను అసలు రంగులోనే వేయండి. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌కు అది సరిపోదు, అక్కడ వేడి కొన్ని వందల డిగ్రీలు ఉంటుంది. సిలికోన్ ఆధారిత 600 డిగ్రీల రంగు కావాలి, దాన్ని కూడా డబ్బా మీద చెప్పినట్లు దశలవారీగా వేడి చేసి గట్టిపరచాలి.

విశాఖ_పౌరుడు

రంగు వేసేవారందరికీ ఒక మనవి. చాలా కార్లలో చాసిస్ నంబరు ఫైర్‌వాల్ మీదే కొట్టి ఉంటుంది, ఇంజిన్ నంబరు బ్లాకు మీద ఉంటుంది. వాటిని కాగితంతో రుద్దడం గానీ, మందంగా రంగు వేయడం గానీ చేయకండి. మన దగ్గర సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిసి, ఆ తరువాత 5 ఏళ్లకొకసారి పొడిగించుకోవాలి. ఆ తనిఖీలో నంబర్లు స్పష్టంగా కనబడకపోతే బండి మీదే అయినా అనుమానం మిమ్మల్ని చుట్టుకుంటుంది. ఆ భాగం మీద మాస్కింగ్ టేపు వేసి, పని అయ్యాక పారదర్శకమైన పలుచని మైనం పూత ఇస్తే చాలు.

కూకట్‌పల్లి_మెరుగు

వైర్లకు మామూలు పీవీసీ టేపు వాడవద్దు. ఇంజిన్ వేడికి దాని జిగురు కరిగి, మీరు ఇప్పుడు చూస్తున్న స్థితే మళ్లీ వస్తుంది. వైరింగ్ హార్నెస్‌లకు వాడే గుడ్డ టేపు అడిగి తీసుకోండి. పాత జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తీసి, ప్రతి వైరు తొడుగునూ వంచి చూసి, పగిలిన వాటిని మార్చిన తరువాతే టేపు చుట్టండి. కనెక్టర్లలో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక డై ఎలక్ట్రిక్ గ్రీజు కొద్దిగా పెడితే తీరపు తేమకు రక్షణ ఉంటుంది.

చివర పూసే మెరుపు ద్రావణాల్లో నీటి ఆధారితమైనవే వాడండి, అదీ గుడ్డ మీద తీసుకుని ప్లాస్టిక్కుకు, హోసులకు పూసి, మిగిలింది తుడిచేయండి. జిడ్డుగా ఉండే సిలికోన్ ద్రావణం దుమ్మును పట్టుకుంటుంది. ఫ్యాన్ బెల్టు మీద, పుల్లీల మీద ఏ ద్రావణమూ పడకూడదు, బెల్టు జారుతుంది.

నెల్లూరు_పాతబండ్లు

ఉప్పు గురించి కూకట్‌పల్లి గారు చెప్పింది ఆలోచించాను, తీరం కారుకు అది సరైన మాటే. ఎలుకలకు మా వైపు పొగాకు ఆకులు కట్టి ఉంచుతారు, వాసన ఉన్నంత కాలం కొంత పని చేస్తాయి. నాఫ్తలీన్ ఉండలు మాత్రం పెట్టకండి, బానెట్ కింద నుంచే క్యాబిన్‌లోకి గాలి వెళుతుంది, ఆ ఆవిరి పీల్చడం మంచిది కాదు. వైర్లకు గట్టి ముడతల గొట్టం తొడిగి, ఫైర్‌వాల్‌లో ఖాళీగా ఉన్న రంధ్రాలకు రబ్బరు గ్రొమెట్లు వేయండి. అన్నిటికంటే మేలైన మందు, వారానికొకసారి బండి తీసి నడపడం, నడపని రోజుల్లో బానెట్ ఎత్తి ఉంచడం. వెలుతురు పడే చోట ఎలుక గూడు కట్టడానికి ఇష్టపడదు.

ఆటోనగర్_మేస్త్రి

భీమిలి గారూ, అన్నీ తిరిగి బిగించిన తరువాత ఒక క్రమం పాటించండి. హోసులు విప్పి ఉంటే కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోయండి, కుళాయి నీరు వద్దు. ఒలికిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం కూడా, కుక్కలు నాకకుండా వెంటనే కడిగేయండి. బ్యాటరీకి పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. టెర్మినళ్లు బిగించాకే వాసెలిన్ రాయండి. స్టార్ట్ చేసే ముందు అగ్నిమాపక సిలిండర్ చేతికి అందేలా పెట్టుకుని, వైపర్ల దగ్గర, బెల్టుల దగ్గర గుడ్డలు గానీ, కవర్లు గానీ మిగిలిపోలేదని చూడండి. స్టార్టయ్యాక పెట్రోల్ పంపు, కార్బురేటర్ గొట్టాల కీళ్లను వేలితో తడిమి చూడండి, చెమ్మ గానీ వాసన గానీ ఉంటే వెంటనే ఆపి క్లిప్పు మార్చండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి, చల్లారాక, డెల్కో కింద మళ్లీ ఒకసారి పౌడరు చల్లి చూసి, ఆ ఫోటో ఇక్కడ పెట్టండి.